దేవుడమ్మ కాలు, లోవరాజు స్విచ్చి

దేవుడమ్మకి బండి నడపడం రాదు. అయినా మొన్న వేసవి దాకా నర్సీపట్నం చుట్టుపక్కల ఆమెను డ్రైవరు సీట్లో తప్ప మరోచోట చూసినవాళ్లు తక్కువ. పొద్దున్న ఎక్కితే మధ్యాహ్నం అన్నానికి దిగేది, మళ్లీ ఎక్కితే పొద్దువాలాక దిగేది. బండి మాత్రం అంగుళం కదిలేది కాదు. ఎవరిదో ఒకరి నూతి పక్కన నిలబడి డీజిలు తాగుతూ ఉండేది. ఆమె ఎడమకాలు బ్రేకు మీద తన్నిపెట్టి, కుడికాలు ఎక్సలేటరు మీద ఆనించి, చేతులతో చిక్కుడుకాయలు తుంచుతూనో చీపురుపుల్లలు చీరుకుంటూనో కూర్చునేది. దారినపోయే బస్సు డ్రైవర్లు హారను కొట్టి ఆమెకు సెల్యూట్ చేసేవాళ్లు. అది వేళాకోళమని ఆమెకు తెలుసు. అయినా దర్జాగా తలూపేది.

ఆమె భర్త కొండన్నది నూతుల్లో పూడిక తీసే పని. ఈ రోజుల్లో నూతులెక్కడున్నాయి, అంతా బోర్లే కదా అనేవాళ్లు ఒకసారి మా మాకవరపాలెం వైపు రావాలి. మా జీడితోటలో రెండుచోట్ల బోరు వేయించాను. రాతిపొడి వచ్చింది, నీళ్లు రాలేదు. మా నాన్న తవ్వించిన నుయ్యే ఇప్పటికీ మాకు దిక్కు. సిమెంటు ఒరలు ఒకదానిమీద ఒకటి దించిన ఇరుకు నుయ్యి అది. అడుగున మనిషి నిలబడి చేతులు చాపబోతే మోచేతుల దగ్గరే గోడ తగులుతుంది. ఎండాకాలం నీరు అడుక్కి చేరాక బురద తోడించకపోతే ఊట కళ్లు మూసుకుపోతాయి. కొండన్న నడుముకి తాడు కట్టుకుని దిగి బురద బకెట్టుకి ఎత్తుతాడు. పైన అతని తోడల్లుడు రాజుబాబు మోటారు గిలకతో దాన్ని లాగి పారబోస్తాడు.

పాత నూతి అడుగున గాలి చెడిపోయి ఉంటుంది. దానికి వాసన ఉండదు, రంగు ఉండదు. దిగినవాడికి కాస్త నిద్ర వచ్చినట్టుంటుందట, అంతే. అందుకని కొండన్నతోపాటు ఒక గొట్టం కూడా దిగుతుంది. పికప్పు బండి వెనక బిగించిన గాలిమోటారు ఆ గొట్టంలోంచి మంచిగాలిని అడుక్కి తోస్తుంది. గాలిమోటారూ గిలకా రెండూ బండి బ్యాటరీ మీదే ఆడాలి. పొలం కరెంటును నమ్ముకుని మనిషిని నూతిలోకి దించే మొనగాడు మా వైపు ఇంకా పుట్టలేదు. చిక్కేమిటంటే, నిలబడిన బండి ఇంజను నెమ్మదిగా కొట్టుకుంటూ ఉంటే బ్యాటరీకి సరిపడా కరెంటు అందదు. బ్యాటరీ దిగుతుంది, గాలిమోటారు నీరసిస్తుంది. ఇంజను జోరుగా తిరుగుతూ ఉండాలి. మెకానిక్కులు దాన్ని రేసు పెట్టడం అంటారు. దేవుడమ్మ కుడికాలు చేసేది ఆ పనే.

మొదట్లో ఆ పని ఇటుక చేసేది. అప్పట్లో బండి కొండన్న అన్న సింహాద్రిది. నూతిలో దిగేదీ అతనే. ఎక్సలేటరు మీద ఇటుక పెట్టి, అది జారకుండా పక్కన గోనెపట్టా కుక్కి, అందరూ గట్టు మీద చేరి పని చూసుకునేవాళ్లు. ఒకసారి యలమంచిలి అవతల ఒక కొబ్బరితోటలో ఇంజను అదురుకి ఆ ఇటుక జారింది. బండి ముందు సీట్లో ఎవరూ లేరు. ఇంజను గొంతు తగ్గడం గట్టు మీదివాళ్లు పట్టించుకోలేదు. ఎవరో బోరింగు గురించి ఏదో చెబుతున్నారు, మిగతావాళ్లు వింటున్నారు. బకెట్టు ఎంతకీ నిండకపోయేసరికి లోపలికి కేకేశారు. సింహాద్రి పలకలేదు.

దినవారాలయ్యాక కొండన్న మళ్లీ నూతిలో దిగుతానన్నాడు. అతనికి వేరే పని రాదు. దేవుడమ్మ ఏడవలేదు, కాళ్లు పట్టుకోలేదు. "దిగితే దిగు. ఇటుక మాత్రం ఒద్దు. నాను కూకుంటాను" అంది. చంటిపిల్లను ఒళ్లో వేసుకుని ఆ సీట్లో కూర్చుంది. ఆ పిల్లకి ఇప్పుడు పెళ్లయిపోయింది. మధ్యలో సింహాద్రి బండి తుక్కు కింద పోయింది, కొండన్న కొత్త పికప్పు కొన్నాడు. దేవుడమ్మ కాలు మాత్రం పాతదే.

ఆమె ఊరికే కూర్చునే మనిషి కాదు. ఏ ఊళ్లో బండి ఆగితే ఆ ఊరి ఆడవాళ్లు కిటికీ దగ్గర చేరేవాళ్లు. ఏటికొప్పాకలో ఉన్న పిల్లాడికి పెదబొడ్డేపల్లి పిల్లను కుదర్చడం, ఎవరి గేదె ఎక్కడ అమ్ముడుపోతుందో చెప్పడం, పనిలో పనిగా ఎవరి కోడలినైనా దులపడం, అన్నీ ఆ కిటికీలోంచే. నోరు ఎంత ఆడినా కాలు కదిలేది కాదు. తిట్టడం మొదలెడితే మాత్రం కాలు కాస్త బరువెక్కేది. ఇంజను గుర్రుమంటే ఎవరికో అక్షింతలు పడుతున్నాయని రాజుబాబు నవ్వుకునేవాడు.

గిలక తాడు కాకుండా ఇంకో సన్నతాడు ఉండేది. ఒక కొస కొండన్న మణికట్టుకి, రెండో కొస బండి తలుపు పిడికి. లోపలినుంచి అతను ఒకసారి లాగితే బాగున్నానని అర్థం. పిడి టక్కుమనగానే ఆమె ఎక్సలేటరును ఒక్కసారి అదనంగా తొక్కి వదిలేది. నూతి అడుగున అతని మొహానికి గాలి బుస్సుమని తగిలేది. అంటే విన్నానని. పొద్దంతా ఆ మొగుడూ పెళ్లాల మాటలు అవే.

కానీ ఇన్నేళ్లలో ఆమె ఒక్కనాడూ నూతిలోకి తొంగి చూడలేదు. మొదటిరోజే కొండన్న ఆచారం చెప్పాడట. పూడిక తీస్తున్న నూతిలోకి ఆడమనిషి చూస్తే ఊట తగ్గుతుందని, నుయ్యి గలవాళ్లు ఒప్పుకోరని. ఆమె అందరితోనూ వాదన వేసుకుంటుంది గాని ఆచారాలతో వేసుకోదు. వీపు నూతివైపు పెట్టుకుని కూర్చునేది. సాయంత్రం అన్నం పెడుతూ "ఊపిరాడిందా?" అని అడిగేది. "ఏసీలో కూకున్నట్టుంది" అనేవాడు అతను. ఆమె నమ్మేది. నూతిలో చల్లగా ఉంటుందని ఎవరికి మాత్రం తెలియదు.

పోయినేడాది నుంచి ఆమెకి కుడి మోకాలు పోటెత్తడం మొదలైంది. ఏరియా ఆసుపత్రిలో డాక్టరమ్మ ఫొటో తీయించి, కాలు ఒకేతీరున పెట్టి కూర్చునే పని మానమంది. "పని మానీమంటే మానీడానికి నాదేటి ఆఫీసా" అని ఈవిడ బయటికొచ్చి మందులు కొనుక్కుంది. సీట్లో ఇంకాస్త వెనక్కి చేరగిలబడి, ఎడమకాలిని బ్రేకు మీద ఇంకాస్త గట్టిగా తన్నిపెట్టుకుంది. అలా అయితే కుడికాలి మీద బరువు పడదు. ఆ బండి వెనక ఎర్రదీపాలు పగలంతా వెలుగుతూనే ఉండేవి. బల్బులు ఎందుకిలా మాడిపోతున్నాయో ఎలక్ట్రీషియన్ లోవరాజుకి అంతుపట్టేది కాదు.

మొన్న వేసవి మొదట్లో మా పక్క తోటలో పని చేస్తుండగా ఆమె కాలు కొంకర్లు పోయింది. పాదం జారింది, ఇంజను చప్పబడింది. ఆమె వెంటనే ఎడమకాలితో తొక్కి నిలబెట్టింది. లోపల కొండన్నకి తెలిసింది. పైకొచ్చి ఏమీ అనలేదు, చేతులు కడుక్కుని అన్నం తిన్నాడు. మర్నాడు బండి తీసుకుని తిన్నగా నర్సీపట్నంలో లోవరాజు కొట్టుకి పోయాడు. ఒక్క మాట తిట్టి ఉంటే బాగుండేదని దేవుడమ్మ నాతో అంది. తిట్టకుండా మెకానిక్కు దగ్గరికి పోవడం ఆమెకు బాగా తగిలింది.

లోవరాజు ఆటో ఎలక్ట్రీషియన్. చేతిలో టెస్టరు లేకుండా అన్నం కూడా తినడంటారు. రేసు స్విచ్చి పెడితే కాలుతో పని ఉండదని కొండన్నకి చెప్పింది అతనే. చెరుకురసం బండ్లకీ చేపల ఐసుబండ్లకీ అలాంటివి బిగించాడట. ఆ రోజు దేవుడమ్మ కూడా వెంటపడి వెళ్లింది. అతను డాష్‌బోర్డు కింద పడుకుని వైర్లు కలుపుతుంటే తలుపు దగ్గర నిలబడి ఆరా తీసింది.

"ఏటిది, నా కాలు సేసే పని ఇదెలా సేస్తాది?"

"ఇప్పటి బండ్లలో నువ్వు తొక్కినా ఇంజనుకి ఎల్లేది వైరే అప్పా. ఆ వైరులో ఎల్లే కబురేదో ఈ డబ్బా పంపుతాది. నువ్వు తొక్కినావనుకుని ఇంజను రేసెక్కుతాది."

"మరి జారిపోదేటి?"

"జారడానికి ఇదేటి ఇటుకా? స్విచ్చి."

"ఇటుకా జారదనే అన్నార్రా" అంది దేవుడమ్మ.

లోవరాజు టెస్టరు పళ్ల మధ్య పెట్టుకుని మళ్లీ వైర్లలోకి దూరాడు. ఆమె అక్కడ నిలబడలేక రోడ్డు దాటి సోడాబండి దగ్గరికి పోయి బల్ల మీద అటు తిరిగి కూర్చుంది. ఇటుకకి వైరు కట్టి పెడుతున్నారని సోడా అతనితో చెప్పుకుంది. సరిగ్గా అప్పుడే ఇక్కడ లోవరాజు అసలు సంగతి కొండన్నకి చెబుతున్నాడు. హ్యాండ్ బ్రేకు లాగి ఉండాలి. గేరు న్యూట్రల్‌లో ఉండాలి. స్విచ్చి నొక్కితే ఆకుపచ్చ దీపం వెలుగుతుంది, రేసు నిలబడుతుంది. పొరపాటున ఎవరైనా ఎక్కి బండి కదిలించబోతే ప్రమాదం కాబట్టి, బ్రేకు మీద కాలు పడితే స్విచ్చి తనంతట తానే ఆగిపోతుంది. మళ్లీ నొక్కాల్సిందే. కొండన్న తలూపాడు. ఆ బండి బ్రేకు మీద రోజల్లా ఒక కాలు ఉంటుందని అతనికి తెలియదు. అతనెప్పుడూ నూతిలో ఉంటాడు. రాజుబాబు కళ్లు గిలక మీద ఉంటాయి. దేవుడమ్మ కుడికాలు గురించి మూడు మండలాలకీ తెలుసుగాని, ఎడమకాలిని ఎవరూ పట్టించుకోలేదు.

ఆ స్విచ్చితో మొదటి పని మా నూతిలోనే.

జీడిపిక్కలు ఏరడం అయిపోయి, తోట ఖాళీగా ఉన్న రోజులు. పొద్దున్నే వచ్చారు. కొండన్న హ్యాండ్ బ్రేకు లాగి స్విచ్చి నొక్కాడు. ఇంజను ఒక్కసారి గొంతు పెంచి అక్కడే నిలబడిపోయింది. గాలిమోటారు హోరు అందుకుంది. కొండన్న మురిసిపోయి ఆ దీపాన్ని నాకు కూడా చూపించాడు. తర్వాత పెళ్లాంతో, "నువ్వా సెట్టుకింద కూకోవే. కాళ్లు సాపుకో" అన్నాడు. మంచిమనసుతోనే అన్నాడు. ఆమెకి మాత్రం అది, నీతో పని అయిపోయింది, పక్కకి తప్పుకో అన్నట్టు వినబడింది.

ఆమె జీడిచెట్టు కింద నా మంచం పక్కన చతికిలబడింది. కాళ్లు చాపుకుంది, ముడుచుకుంది, మళ్లీ చాపుకుంది. మజ్జిగ ఇస్తే వద్దంది. కబుర్లు కూడా చెప్పలేదు. ఆమె నోరు కట్టుబడడం చూసి నాకు భయమేసింది.

"దీనికేటీ తెల్దు బాబూ" అంది కాసేపటికి. "బకెట్టు లెగిసినప్పుడు బ్యాటరీ మీద బరువు పడతాది. అప్పుడు నాను కొంచెం ఎక్కువ తొక్కుతాను. ఇదలాగే ఉండిపోతంది సూడండి. ఒకటే పాట."

"పని జరుగుతోంది కదా" అన్నాను.

"జరగతంది" అని ఒప్పుకుంది. అలా ఒప్పుకోవాల్సి రావడం ఆమెకు కష్టంగానే ఉంది.

అప్పుడే బండి తలుపు పిడి టక్కుమంది. సన్నతాడు ఒకసారి బిగిసి వదులైంది. లోపలినుంచి కొండన్న అలవాటుగా లాగాడు. సీట్లో ఎవరూ లేరు, జవాబు వెళ్లలేదు. దేవుడమ్మ మోకాళ్ల మీద లేచి అటే చూస్తోంది. కాసేపు ఊరుకుని తాడు మళ్లీ బిగిసింది. ఈసారి కొంచెం గట్టిగా.

"పిలస్తన్నాడు" అందామె. నేను ఏదో అనేలోపే కుంటుకుంటూ పోయి, తలుపు తీసి సీట్లోకి ఎక్కింది.

ఆమె చేయాలనుకున్నది చిన్న పని. ఒక్కసారి తొక్కి, విన్నానని చెప్పి దిగిపోవాలి. కానీ ఆ సీట్లో కూర్చున్న మరుక్షణం ఎడమకాలు తన చోటికి తాను పోయింది. బండి వెనక ఎర్రదీపాలు వెలగడం నేను చూశాను. చూశానే గాని నాకేమీ అర్థం కాలేదు. ఇంజను గొంతు ఒక్కసారిగా పడిపోయింది. గాలిమోటారు హోరు సన్నబడి మూలుగులా మారింది.

"ఆగిపోనాది" అని ఆమె అరిచిన అరుపు నాకు ఇప్పటికీ గుర్తుంది. "రాజుబాబూ, ఇటుక జారిపోనాది, మావని లాగీ, బేగి లాగీ."

ఇటుక అనే అంది, స్విచ్చి అనలేదు. అరుస్తూనే కుడికాలితో ఎక్సలేటరును అడుక్కంటా తొక్కింది. ఇంజను రంకె వేసింది, గాలిమోటారు మళ్లీ లేచింది. రాజుబాబు బకెట్టు వదిలేసి కొండన్న నడుముకున్న తాడును గిలకకి తగిలించి లాగాడు. కొండన్న పైకి వచ్చేదాకా ఆమె కాలు తీయలేదు. బురదముద్దలా గట్టు మీద దిగి, ఒకసారి దగ్గి, "ఏటయింది? ఎందుకు లాగినారు?" అని అడిగాడతను. అతనికేమీ కాలేదు. గాలి తగ్గిందనుకునేలోపే మళ్లీ వచ్చిందట.

దేవుడమ్మ దిగి వచ్చింది. ఒళ్లంతా చెమట. భయపడిన మనిషికి కోపం ఎంత బాగా అందివస్తుందో అప్పుడు చూశాను. లోవరాజును, వాడి కొట్టును, వాడు పుట్టిన గడియను వరసపెట్టి ఎత్తుకుంది. "నాను సెప్పినానా నేదా? అది ఇటుకే. నాను ఎక్కబట్టి సరిపోనాది గాని, నేదంటే ఈపాటికి ఏటయ్యీది?"

అందరికీ అలాగే అనిపించింది. నాకూ అనిపించింది. కొండన్న మొహం మాడిపోయింది. లోవరాజుకి ఫోను చేసి, అందరికీ వినబడేలా పెట్టాడు. లోవరాజు కంగారుగా విన్నాడు. దీపం ఆరిందా అని అడిగాడు, ఆరిందన్నారు. హ్యాండ్ బ్రేకు ఎవరైనా దించారా అని అడిగాడు, లేదన్నారు.

"మరి బ్రేకు మీద ఎవలైనా కాలెట్టినారేటి?"

నాకు ఎర్రదీపాలు గుర్తొచ్చాయి. నేను నోరు తెరవక్కర్లేకపోయింది. దేవుడమ్మ తల దించుకుని తన ఎడమపాదం కేసి చూసుకుంటోంది. ఆమె చూపు వెంట కొండన్న చూశాడు, రాజుబాబు చూశాడు. ఫోన్లో లోవరాజు హలో హలో అంటున్నాడు.

ఆమె తోటలో మా పాక వెనక్కి పోయి కూర్చుంది. నేను మంచినీళ్లు పట్టుకెళ్లాను. తాగలేదు, చెంబు ఒళ్లో పెట్టుకుంది. "ఇటుకంటే ఊరికే జారింది బాబూ. దానికి కాలా, సెయ్యా" అంది. "నాను ఎక్కి మరీ తొక్కినాను. మా మావ ఊపిరి నాను తొక్కినాను." ఏడుపు రాలేదు ఆమెకి. వచ్చి ఉంటే నాకు కాస్త తేలికయ్యేది.

అటు కొండన్న మళ్లీ దిగడానికి సిద్ధమవుతున్నాడు. పని ఆ పూట ఆపితే ఊటతో పాటు వదులు బురదంతా మళ్లీ అడుక్కి చేరుతుంది. అతను పెళ్లాన్ని ఏమీ అనలేదు, ఓదార్చనూ లేదు. స్విచ్చి నొక్కి దీపం చూసుకున్నాడు. సన్నతాడును తలుపు పిడి నుంచి విప్పించి, గిలక స్టాండు కాలికి కట్టమని రాజుబాబుకి చెప్పాడు. బండిలోకి ఎవరినీ ఎక్కనివ్వవద్దని నన్ను కాపలా పెట్టాడు. నా తోటలో నేనే కాపలాదారునయ్యాను. తాడు విప్పడం దేవుడమ్మ పాక పక్కనుంచి చూసింది.

అతను దిగాక ఆమె మెల్లగా నా దగ్గరికి వచ్చింది.

"బాబూ, ఆ తాడు ఇప్పుడెవులు సూస్తారు?"

"రాజుబాబు."

"ఆడికి రెండు సేతులూ పనే కదా."

"అయితే నువ్వు వెళ్లి పట్టుకో."

"నూతి కాడికి నానెలా ఎల్తాను? మీరొప్పుకోరు కదా."

"మేమెందుకు ఒప్పుకోం?" అన్నాను. నాకు నిజంగానే అర్థం కాలేదు. అప్పుడు ఆ ఆచారం సంగతి చెప్పింది. ఆడమనిషి చూస్తే ఊట తగ్గడం, నుయ్యి గలవాళ్లు గొడవ చేయడం. నాకు నవ్వొచ్చింది. మా అమ్మ ఆ గట్టు మీదే కూర్చుని, పూడిక సరిగా తీయడం లేదని లోపలివాళ్లను పొద్దంతా తిట్టిపోసేది. ఆ మాటే చెప్పాను. "మా ఇంట్లో లేదు, మా ఊళ్లోనూ వినలేదు. నువ్వెక్కడ విన్నావు?"

"మా మావ సెప్పినాడు" అంది. "మీకు నేదు సరే. మిగతా రైతులకి ఉండుంటాది."

"వాళ్లను ఎప్పుడైనా అడిగావా?"

అడగలేదు. ఆ ఆచారం కొండన్న కల్పించిందేనేమోనని ఆమెకు మెల్లగా తట్టింది. ఎందుకలా చెప్పావని తర్వాత కొండన్నను నేను అడిగాను. "ఒక్కసారి సూసిందంటే మరి దిగనివ్వదు బాబూ" అన్నాడు. ఆ తర్వాత లోవరాజు స్విచ్చికి పొడుగు వైరు వేసి గట్టు దాకా తెచ్చి ఇచ్చాడు. బ్రేకు పెడలు మీద ఎర్రరంగు కూడా పూశాడు. అవన్నీ తర్వాతి సంగతులు. అప్పుడు మాత్రం ఆమె చెప్పులు విడిచి, కుంటుకుంటూ గట్టు దగ్గరికి నడిచింది. రాజుబాబు వద్దన్నట్టు చెయ్యి అడ్డం పెట్టాడు. ఆ చెయ్యిని పక్కకి తోసి, గట్టు మీద మోకాళ్లూని లోపలికి చూసింది.

నేనూ పక్కనుంచి చూశాను. నా నుయ్యే అయినా మనిషి దిగి ఉండగా అడుగు చూడడం నాకూ అదే మొదలు. తలకి కట్టిన లైటు వెలుగులో నల్లటి బురద, అందులో తొడల దాకా దిగబడి కొండన్న. వంగడానికి చోటు లేక గోడకి భుజం ఆనించి ఒంటిచేత్తో బురద ఎత్తుతున్నాడు. ఒక ఒర పగిలి లోపలికి ఉబ్బి ఉంది. ఎత్తిన ప్రతిసారీ ఆ ఒర మీద అరచెయ్యి వేసి కాసేపు ఆగుతున్నాడు, కదులుతోందేమో చూసుకుంటున్నట్టు. ఆ తర్వాత మొహం పైకెత్తి, దూడ పొదుగు వెతుక్కున్నట్టు గొట్టం మూతి వెతుక్కుని, నోరు తెరిచి గాలి తాగుతున్నాడు. మళ్లీ వంగుతున్నాడు.

దేవుడమ్మ కదల్లేదు. స్టాండు కాలికి కట్టిన సన్నతాడును తడుముకుని విప్పి చేతికి చుట్టుకుంది. కొంతసేపటికి కొండన్న తాడును ఒకసారి లాగాడు. ఆమె చెయ్యి ఊగింది. ఆమె కూడా ఒకసారి లాగింది.

కింద లైటు ఆగిపోయింది. మెల్లగా పైకి తిరిగింది.

"ఎవులది? రాజుబాబా?"

"నాను."

లైటు ఆమె మొహం మీదే నిలిచిపోయింది. రాజుబాబు బకెట్టు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

"ఊపిరాడతందా?" అని అడిగిందామె. రోజూ అన్నం పెడుతూ అడిగే ప్రశ్నే. గొంతు కూడా అదే.

ఏసీలో ఉన్నట్టుందనడానికి ఇప్పుడు వీల్లేదు. ఆమె చూస్తోంది.

"సాలా ఉక్కగుందే" అన్నాడు కొండన్న. నడుం మీద చెయ్యి వేసుకుని, "నడుం పట్టీసినాది" అన్నాడు.

"మరి పైకొచ్చీ."

"ఇంకొంచెమే ఉంది."

దిగనివ్వదని అతను ఇన్నేళ్లు దేనికి భయపడ్డాడో అది అప్పుడు ఆమె నోటిదాకా వచ్చే ఉంటుంది. తాడును ఇంకో చుట్టు చుట్టుకుంది.

"అయితే కానీ" అంది. "నానిక్కడే ఉంటాను."

"ఉంటే ఉండు గానీ, అడ్డం లెగు. ఎలుతురు రాటం నేదు."

దేవుడమ్మ లేవలేదు. తల మాత్రం ఒక పక్కకి వంచింది. ఆమె తల తప్పుకున్న మేర ఎండ నూతిలోకి దిగి అతని భుజం మీద పడింది.